చూడటానికేం లేని నాట్యం

టాంగో అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1992 నాటి ‘సెంట్ ఆఫ్ ఎ ఉమన్’ సినిమా. చూపులేని ఆల్ పచీనో న్యూయార్కు హోటల్లో ముక్కూమొహం తెలియని అమ్మాయిని లేపి ఆడిస్తాడు, బల్లల దగ్గర కూచున్నవాళ్ళంతా చేతిలో పని ఆపి చూస్తారు. ఆ సినిమా చూడనివాళ్ళకి ఏ పోస్టరులోనో పళ్ళ మధ్య గులాబీ పెట్టుకున్న మగాడు, నేలకి ఆనేలా వెనక్కి వంగిన ఆడమనిషి గుర్తుంటారు. రెండింటిలోనూ తప్పనిసరిగా ఉండేది చూసేవాళ్ళు. నేను సింగపూర్లో పదేళ్ళ పైబడి ఆడుతున్న టాంగోలో వాళ్ళే ఉండరు.

మా ఆవిడ చిన్నప్పుడు విజయవాడలో కూచిపూడి నేర్చుకున్న మనిషి. ఒకసారి నాతో వచ్చి, ఓ షాప్‌హౌస్ పైఅంతస్తులో, ఏసీ చలిలో, గోడవారగా గంటసేపు కూచుని, ఇంటికొచ్చే దారిలో “ఇందులో చూడటానికేముందండీ?” అంది. టాంగో మీద నేను విన్న విమర్శల్లో ఇంత సూటిది ఇంకోటి లేదు. దానికి జవాబు వెతకడమే ఈ వ్యాసం.

టాంగో ఆడుకోడానికి జనం చేరే కొలువుని మిలొంగా అంటారు. అక్కడ పాటలు సాధారణంగా నాలుగేసి చొప్పున ఒక కట్టగా వేస్తారు. ఆ కట్ట పేరు తాందా (లంబాడీ తండా అనుకునేరు!). ఒక్కో పాట మూడు నిమిషాలు, అంటే పాత గ్రామఫోను రికార్డుకి ఒక పక్క పట్టేంత. కాబట్టి తాందా అంటే సుమారు పన్నెండు నిమిషాలు. ఆ తర్వాత టాంగోతో సంబంధంలేని పాట ముక్క ఒకటి కాసేపు వేస్తారు. దాని పేరు కొర్తీనా, అంటే తెర. తెర పడగానే జంటలు విడిపోయి ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి కూచుంటారు. పిలవడానికి మాటలుండవు. దూరం నుంచి చూపు కలిపి తల కొద్దిగా ఊపాలి. అవతలి మనిషీ ఊపితేనే లేచి వెళ్ళాలి. చూపు తిప్పేసుకుంటే కథ అక్కడితో సరి, నలుగురిలో ఎవరి పరువూ పోదు. రెండు కంప్యూటర్లు మాట కలిపే ముందు ‘ఉన్నావా’, ‘ఉన్నా, నువ్వున్నావా’, ‘ఉన్నా’ అని మూడుసార్లు పలకరించుకునే పద్ధతిని ఎమ్మెస్‌లో టీసీపీ పాఠంగా బట్టీపట్టాం. అదే పని టాంగోవాళ్ళు కనుబొమలతో కానిస్తారు.

జంటలన్నీ గడియారం ముల్లుకి ఎదురుదిశలో వలయంగా సాగుతాయి. అడుగులు ముందే అనుకునేవి కావు. ఒకరి ఛాతీ కదలికని మరొకరు చదువుకుంటూ అప్పటికప్పుడు కట్టుకునేవి. పక్కన కూచున్నవాళ్ళకి కనిపించేది ఇద్దరు మెల్లగా నడవటమే. లోపల ఏం జరిగిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది.

మరి, పరాయి ఆడమనిషిని కౌగిలించుకుని ఆడటమేమిటి? ఈ ప్రశ్న మా పెద్దమ్మ నోరుతెరిచి అడిగింది, ఇక్కడి స్నేహితులు అడక్కుండా నవ్వారు. దీన్ని దాటేసి టాంగో గురించి ఏం మాట్లాడినా డొంకతిరుగుడే అవుతుంది. జవాబు చరిత్రలో ఉంది.

1914 జనాభా లెక్కల నాటికి బ్యునస్ ఎయిరిస్‌లో పదిహేను లక్షల పైచిలుకు జనం. వాళ్ళలో దాదాపు సగంమంది విదేశాల్లో పుట్టినవాళ్ళు. ఇటలీ నుంచీ స్పెయిన్ నుంచీ ఓడల్లో వచ్చి దిగిన మగవాళ్ళు ఎక్కువ. నది అవతలున్న మాంటెవిడియోదీ అదే తీరు. ఈ రెండు రేవుల్లో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాళ్ళ సంతతి దరువూ, క్యూబా హబనేరా, యూరప్ పల్లెల పాటలూ కలిసి టాంగో అయింది. దానికి ప్రాణంలాంటి బాండోనియన్ జర్మనీ వాద్యం, మన హార్మోనియానికి దూరపు చుట్టం. టాంగో గాయకుల్లో దేవుడనదగ్గ కార్లోస్ గార్డెల్ ఫ్రాన్సులో పుట్టాడా, ఉరుగ్వేలో పుట్టాడా అన్న తగువు ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. మొత్తం మీద ఇది వలసవచ్చినవాళ్ళ సొత్తు. పగలంతా రేవులో మూటలు మోసి, రాత్రి ఇరుకు గదిలో పదిమందితో పడుకునేవాడికి మనిషి స్పర్శ డబ్బిచ్చి కొనుక్కునే వస్తువైంది. డాన్సు అకాడమీల్లో పాటకింత అని ఇచ్చి ఆడేవారు. ఆ అడుగులు సాధించడానికి మగవాళ్ళు మగవాళ్ళతోనే సాధన చేసేవారు. ఆ కౌగిలి సరసం కన్నా ముందు ఊరటగా పుట్టిందని నాకనిపిస్తుంది.

సింగపూర్‌కి ఇది కొత్త కథేం కాదు. ఇదీ ఒంటరి మగకూలీలతో నిండిన రేవే. 1923లో న్యూ వరల్డ్, 1931లో గ్రేట్ వరల్డ్ అనే వినోదశాలలు ఇక్కడ వెలిశాయి. వాటి క్యాబరేల్లో కూపన్లు కొని, పాటకింత చొప్పున ఇచ్చి, డాన్సు అమ్మాయిలతో ఆడేవారు. ఇప్పుడు గ్రేట్ వరల్డ్ ఉన్నచోట అదే పేరుతో షాపింగ్ మాల్ ఉంది. ఇక్కడ కూపన్ల ఆట అంతరించి, అక్కడి ఆట కళగా ఎందుకు నిలిచింది? నాకు తోచిన కారణం ఒకటే. అక్కడ ఆట క్యాబరే గడప దాటి పేట క్లబ్బుల్లోకి, ఇళ్ళలోకి నడిచింది. 1935 నుంచి సుమారు ఇరవయ్యేళ్ళపాటు హ్వాన్ దారియెన్సో, కార్లోస్ ది సార్లీ, అనీబల్ త్రొయిలో లాంటి మహామహుల వాద్యబృందాలు పేటల్లోని క్లబ్బులకి వచ్చి వాయించేవి. మేనమామల పక్కన నిలబడి మేనల్లుళ్ళు నేర్చుకునేవారు.

ఆ పేటల వాసన మిగిలినచోట ఆడాలని ఒక జులైలో మాంటెవిడియో వెళ్ళాను. సింగపూర్ నుంచి ముప్పై గంటల పైనే ప్రయాణం. అక్కడ జులై చలికాలం. నది మీంచి వచ్చే గాలి కోటు గుండీల సందుల్లోంచి దూరుతుంది. నది అన్నానే గాని అవతలి ఒడ్డు కనిపించదు, నీళ్ళు వరదల్లో రాజమండ్రి దగ్గరి గోదావరి రంగు. టీసీఎస్ 2002లోనే అక్కడ కేంద్రం తెరిచింది గనక ఏ సందులోనైనా తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. నేను వెళ్ళిన పాత హాల్లో హీటరు ఒక మూలే పనిచేస్తోంది. డెబ్భై దాటిన దంపతులు, స్కూలు టీచర్లు, ఒక బస్సు డ్రైవరు. మధ్యలో సంగీతం ఆపి ఎవరిదో పుట్టినరోజు కేకు కోశారు, ముక్కూమొహం తెలియని నాకూ ఒక ముక్క పెట్టారు. నైపుణ్యం లెక్కన చూస్తే ఆట గొప్పగా లేదు. నాతో ఆడిన పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు, తిరిగితే ఒకవైపే తిరగగలదు. కానీ దారియెన్సో పాటలో ఎక్కడ ఆగాలో అక్కడ నాకంటే ముందే ఆగింది. ఆ పాట చిన్నప్పుడు వాళ్ళమ్మ వంటింట్లో రేడియోలో మోగేదట.

మరుసటి ఏడు ఇంకో చల్లని తీరానికి, వెల్లింగ్టన్‌కి వెళ్ళాను, మూడు రోజుల టాంగో వారాంతానికి. ఇప్పుడు చాలా దేశాల్లో ఈ పద్ధతి ఉంది: పాఠాలుండవు, ప్రదర్శనలుండవు. నడిపేవాళ్ళూ అనుసరించేవాళ్ళూ సరిసమానంగా వచ్చేలా ముందే పేర్లు నమోదు చేసుకుని, పగలూ రాత్రీ ఆడటమే. ఆట స్థాయిలో మాంటెవిడియో హాలు దీని ముందు దిగదుడుపే. నా జీవితంలో మరిచిపోలేని తాందాలు రెండు మూడు అక్కడివే. విరామంలో మాటలు వింటే మాత్రం ఎయిర్‌పోర్టు లాంజిలో కూచున్నట్టుంది: తర్వాత ఏ ఊరు, ఏ విమానం, మైళ్ళెన్ని. కిటికీలోంచి హార్బరు కనిపిస్తోంది. మాలో చాలామంది మూడు రోజులూ దానిని గాజులోంచే చూశాం. రాత్రికి రాత్రి ఆ హాలుని ఎత్తి తైపేలో పెట్టినా ఎవరికీ తేడా తెలిసేది కాదు. ప్రాజెక్టులు మారినా హోటల్ గది మారనట్టే ఉండే కన్సల్టెంటుని కాబట్టి నాకీ జబ్బు లక్షణాలు బాగా తెలుసు.

నా ఫిర్యాదు ఇది. వెనక్కి వెళ్ళలేనివాళ్ళు కట్టుకున్న ఆట ఎక్కడికైనా వెళ్ళగలవాళ్ళ ఆటగా మారిపోయింది. పాటల్లో సగం పోయిన ఊరిని తలుచుకుని ఏడుస్తాయి. వాటికి ఆడేవాళ్ళ జేబుల్లో తిరుగు టిక్కెట్లున్నాయి.

దీనికి బలమైన ఎదురువాదం ఉంది. 1955 తర్వాత రాజకీయాలు మారి, రాక్ సంగీతం వచ్చి, టాంగో సొంత ఊళ్ళోనే నీరసించింది. ప్రపంచంలో దానికి మళ్ళీ ఊపిరి పోసింది 1983లో పారిస్‌లో మొదలై 1985లో బ్రాడ్‌వేకి వచ్చిన ‘టాంగో అర్జెంటీనో’ అనే ప్రదర్శన. 2009లో యునెస్కో టాంగోని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చేనాటికి అది ఎన్నో దేశాలు తిరిగింది. నేను చిన్నచూపు చూసే ఆ వేదికా, ఆ ప్రయాణికులూ లేకపోతే సింగపూర్లో నాకు టాంగో నేర్పేవాళ్ళే ఉండేవారు కారు.

ఇంకో సాక్ష్యం వెల్లింగ్టన్‌లోనే దొరికింది. ది సార్లీ తాందా ఒకటి అయిపోయి కొర్తీనా మోగుతున్నా, అరవై దాటిన ఒకావిడ కాసేపు కదల్లేదు. తర్వాత టీ దగ్గర కలిసినప్పుడు, భర్త పోయాక డాక్టరూ జుట్టు కత్తిరించే అమ్మాయీ తప్ప తనని ముట్టుకున్న మనిషి లేదని, అందుకే ఏడాదికి రెండుసార్లు విమానం ఎక్కుతానని, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. తిరుగు టిక్కెట్టు ఆవిడ దగ్గరా ఉంది. ఇంటికెళ్ళి తాళం తీస్తే పలకరించేవాళ్ళు లేరు. వందేళ్ళనాటి రేవు కూలీకి కావలసిందే ఆవిడకీ కావాలి. ఆ వారాంతంలో కౌగిలి నిజమైనదే. కరువైంది ఇరుగుపొరుగు. సోమవారం నాడు కూడా కనిపించే మనుషులు.

మా ఆవిడ ప్రశ్న ఇక్కడికొచ్చి మన మీదికే తిరుగుతుంది. మన దృష్టిలో నాట్యమంటే చూసేది. సింగపూర్లోనైనా డాలస్‌లోనైనా ఉగాది సంబరమంటే వేదిక, మైకు, ముఖ్య అతిథి, పిల్లల డాన్సు, ఫోన్లు పైకెత్తిన తల్లిదండ్రులు, ఆపైన పులిహోర. మూడుగంటలు పక్కపక్కనే కూచున్నవాళ్ళు ఒకరి పేరొకరికి తెలియకుండా ఇళ్ళకి పోతారు. మనం రాసే కథలూ కొంత ఇలాగే ఉన్నాయేమో. కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అనిపించుకుని రంగూన్ వెళ్ళిన మన కూలీల్లోనూ ఒంటరి మగవాళ్ళే ఎక్కువ. వాళ్ళు రాత్రిళ్ళు ఏం ఆడుకున్నారో, ఏం పాడుకున్నారో మనలో ఎంతమంది రాశారు? ఏటా సంక్రాంతికి వెళ్ళిరాగలిగే మన బెంగే సంకలనాలకెక్కుతోంది.

చూడటానికేం లేని ఆటలు మనకి లేకపోలేదు. అరకులోయ థింసాలో ఒకరి వెనగ్గా ఒకరు చేతులు కలుపుకుని కదులుతారు. కోలాటంలో ఎదుటివాళ్ళ కర్ర అందకపోతే మన కర్ర గాలిలోనే ఉండిపోతుంది. బతుకమ్మ వలయం లోపలున్నవాళ్ళ కోసమే తిరుగుతుంది. సింగపూర్ బతుకమ్మలో జురాంగ్ ఆవిడా పుంగోల్ ఆవిడా ఒకే పేటవాళ్ళలా చప్పట్లు కలుపుతారు. దానికీ పోటీలు పెట్టి, బహుమతులిచ్చి, వేదికెక్కించాలని మనకి చెయ్యి దురద.

కార్యవర్గాల్లో ఉన్న మిత్రులకి ఒక విన్నపం. వచ్చే ఉగాదికి వేదిక ముందు నాలుగు వరుసల కుర్చీలు తీసేసి, ఒక అరగంట మాకొదిలెయ్యండి. కోలాటం కర్రలు నేను తెస్తాను. మా ఆవిడ నేర్పుతానంది.