జవాను ల్యాబ్‌లోకి రావాలి

తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికుల్ని పంపిన ఊరు. అక్కడే కాదు, గోదావరి జిల్లాల్లో ఎక్కడ చూసినా 15, 17 ఏళ్లు సర్వీసు చేసి, 35 దాటీ దాటకముందే పింఛనుతో ఇంటికొచ్చిన జవాన్లు కనిపిస్తారు. చాలామంది ఏ బ్యాంకు గుమ్మం దగ్గరో తుపాకీ పట్టుకుని నిలబడతారు. గౌరవమైన పనే. కానీ వాళ్లలో ఆర్మీ మెడికల్ కోర్‌లో ఏళ్ల తరబడి ల్యాబ్ పని చేసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల చేతి పనితనం అలా వృథాపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లెందుకు వైద్య పరిశోధనలోకి రాకూడదు?

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. మన డెల్టాను పీడించిన బోదకాలు, అంటే ఫైలేరియా, సంగతే చూడండి. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు పగటిపూట నెత్తుట్లో దాదాపు కనబడవు, రాత్రి పొద్దుపోయాకే బయటపడతాయి. అందుకే మా చిన్నప్పుడు ఫైలేరియా సిబ్బంది అందరి భోజనాలూ అయ్యాక వచ్చి, నిద్రపోతున్న పిల్లల్ని లేపి, వేలు పొడిచి గాజుపలక మీద చుక్క పూసుకునేవారు. ఏ పలక ఎవరిదో రాసుకోవడంలో ఒక్కటి తారుమారైనా లెక్కంతా చెడుతుంది. రాత్రి కాపలా కాసి, గంట గంటకూ రిజిస్టరు రాసినవాడికి ఆ ఓపిక కొత్తగా నేర్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకూ ఈ ఫైలేరియా సోకింది. 1947లో దానికి మందు, హెట్రజాన్, తెచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర అదే. సుబ్బారావుకు హార్వర్డ్‌లో పీహెచ్‌డీ వచ్చింది 1930లో, 35 ఏళ్ల వయసులో. మన జవాను ఇంటికొచ్చే వయసది! బ్రిటిష్ సైన్యంలో పనిచేసొచ్చిన రాబర్ట్ ఎడ్వర్డ్స్ 1955లో ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేశారు. తొలి టెస్ట్ ట్యూబ్ బిడ్డ వెనక ఉన్నది ఆయన పరిశోధనే. 2010లో నోబెల్ వచ్చింది.

మన దగ్గర అసలు అడ్డు డబ్బు. పరిశోధన చేసేవారికి నెలనెలా భృతి ఇచ్చే యూజీసీ జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, సైన్యంలో చేసినవారికి సడలింపు 5 ఏళ్ల వరకే. ఇంటికొచ్చి ఎమ్మెస్సీ ముగించేసరికి ఆ గడువు కాస్తా దాటిపోతుంది. పింఛను మీద పిల్లల్ని చదివిస్తూ నాలుగైదేళ్లు పరిశోధన చేయమంటే ఎవరి వల్లవుతుంది?

రాజమహేంద్రవరంలో నన్నయ విశ్వవిద్యాలయం ఉంది, కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉంది. మాజీ సైనికుల కోసం వయసు పట్టింపు లేని ఫెలోషిప్పులు కొన్నయినా ఇప్పించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. మీ ఇంట్లో మెడికల్ కోర్‌లో చేసొచ్చినవారుంటే, ఈ ఏడే చదువు మొదలుపెట్టమని చెప్పండి.