తోలుకి లేని అంటు

మా అయ్య డప్పు మోగితేగాని మా ఊళ్లో అమ్మవారి పండగ మొదలయ్యేది కాదు. గుడి మెట్టు మాత్రం ఆయన ఎక్కకూడదు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ మాదిగపేటలో, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు సర్కారు బడిలో పంతుల్ని.

కొన్నేళ్ల కింద విజయనగరం వైపు ఒక సభకి మా బడి పిల్లల్ని తీసుకెళ్లాను. అన్నమయ్య 'బ్రహ్మమొక్కటే' పాడాలి. బ్రాహ్మడికీ చండాలుడికీ కాళ్ల కింద నేల ఒకటేనని చెప్పే పాట. వెనక డప్పు వాయించడానికి మా అయ్య వచ్చాడు. "సంప్రదాయ సంగీతంలో డప్పేమిటి మాస్టారూ? వయొలిన్, మృదంగం ఉన్నాయి కదా" అని నిర్వాహకుడొకాయన ఆపేశాడు. పిల్లలు పాడారు. చప్పట్లు మోగాయి. మా అయ్య గుమ్మం బయట, చెప్పుల దగ్గర, డప్పు ఒళ్లో పెట్టుకుని విన్నాడు. నేను నోరెత్తలేదు. ఆ తప్పు నాదే.

ఏది సంప్రదాయం? అన్నమయ్య 1408-1503 మధ్య బతికినవాడు. రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరుంది, స్వరం లేదు. ఇవాళ మనం వినే వరసల్ని 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్లు కట్టారు. తప్పనను. కట్టకపోతే ఆ పాట రేకుల మీదే ఉండిపోను. వయొలిన్ యూరప్ నుంచి వచ్చి సుమారు 200 ఏళ్ల కింద కచేరీలో కూచుంది. 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు నేర్పింది దాన్నే. మృదంగానికి మూసేది ఆవు, గేదె, మేక తోళ్లే. ఆ మృదంగాలు చేసే దళితుల గురించి టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకమే తెచ్చాడు.

కొత్త వరస కలిసింది. పరదేశపు వాద్యం కలిసింది. గొడ్డు తోలూ కలిసింది. కలవనిది మా మనిషే. అంటే అభ్యంతరం చప్పుడు మీద కాదు, చేతి మీద. ఆ పాటలోని సమానత్వం కూడా శ్రీహరి ముందరిదే. దాన్ని వేదిక మీదికి దించాల్సింది ఇవాళ పాడేవాళ్లు. రాగం బాగుందని తలలూపేవాళ్లు మాటని వినకుండానే లేచిపోతున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా అయ్య అడిగాడు: "ఆళ్ల పాటకి మన తోలు పనికొస్తాది గానీ, మన సెయ్యి పనికిరాదేట్రా?"

జవాబు చెప్పలేకపోయాను. మరుసటేడు ఆగస్టు 15న మా బడిలో అదే పాట డప్పుతో పాడించాను. తాళం ఎక్కడా తప్పలేదు.