తెలుగు రచనల్లో ‘వ్యసన’ భావన: మద్యపాన చిత్రణ - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సంస్కృతంలో ‘వ్యసనం’ అనే మాటకు ఆపద, దురభ్యాసం అనే రెండర్థాలూ ఉన్నాయి. నేటి తెలుగు వాడుకలో ప్రధానంగా రెండవదే మిగిలింది. మత్తుకు లోనైన మనిషిని మనం చూసే దృష్టిపై ఈ అర్థసంకోచం ప్రభావం ఉందని ప్రతిపాదించడమే ఈ వ్యాసోద్దేశం.

2. రాజు నుండి భగ్నప్రేమికుడి దాకా

నీతిగ్రంథాలు పేర్కొన్న సప్తవ్యసనాల్లో మద్యపానం ఒకటి. అవి ప్రధానంగా రాజును ఉద్దేశించిన హెచ్చరికలు. వ్యసనపరుడైన రాజు రాజ్యాన్ని పోగొట్టుకుంటాడన్నదే అక్కడి చింత. సామాన్యుని ఇల్లు అందులో కనిపించదు. శరత్ నవల ఆధారంగా 1953లో వచ్చిన ‘దేవదాసు’ చిత్రంలో రాజు స్థానాన్ని భగ్నప్రేమికుడు ఆక్రమించాడు. దోషంగా భావించిన తాగుడు విషాదగౌరవాన్ని పొందింది. మొదటిచోట నింద, రెండవచోట సానుభూతి. అయినా రెండింటా దృష్టి తాగేవాడి మీదనే నిలిచింది. అమ్మకం చర్చలోకి రాలేదు.

3. ‘వారుణి’ - ‘సీతమ్మ కథ’

1980వ దశకంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో సరఫరా చేసింది. కూలిడబ్బును హరించే సరుకుకు పురాణాల్లోని సురాదేవత పేరు పెట్టడం గమనార్హం. ఈ ముసుగును తొలగించినవారు పండితులు కారు. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న గ్రామీణ స్త్రీలు. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమ వాచకంలోని ‘సీతమ్మ కథ’ వారిని చర్చకు పురికొల్పింది. 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వారి ఆలోచన భర్త నడవడి దగ్గర ఆగిపోక దుకాణం, వేలంపాట, సర్కారు ఆదాయం వరకు సాగింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం సడలింది. ఫలితం నిలవకపోయినా ఆ పఠనం విలువ తగ్గదు.

4. ముగింపు

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్లమంది మద్యం, 3.1 కోట్లమంది గంజాయి మొక్క ఉత్పత్తులు వాడుతున్నారు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పారు. దీనికి కారణాలు అనేకం. ‘వ్యసనపరుడు’ అనిపించుకోవలసి వస్తుందన్న సంకోచం వాటిలో ఒకటి కాదనలేం. గంజాయి కళాశాలల ముంగిట నిలిచిన ఈ కాలంలో, మన తరగతిగదిలోనూ ఆ సంకోచంతో మౌనంగా కూర్చున్న విద్యార్థి ఉండవచ్చు. అతనికి సప్తవ్యసనాల పాఠాన్ని నీతిబోధగా మాత్రమే చెబితే మరింత ముడుచుకుపోతాడు. ‘వ్యసనం’ అంటే ఆపద అన్న తొలి అర్థాన్ని కూడా వివరిస్తే, ఆపదలో ఉన్నవాడు సాయం అడగవచ్చునన్న ధైర్యం కలుగుతుంది. ఆ అర్థాన్ని పునరుద్ధరించడం సాహిత్యాధ్యాపకుల చేతిలో ఉన్న పని.