గురి కుదిర్చే కర్సర్

కంప్యూటర్ తెరమీది బాణం గుర్తు ఎంత పెద్దగా కనిపించినా, పనిచేసేది దాని కొసనున్న ఒక్క పిక్సెలే. ఆ పిక్సెల్ బటన్ మీద పడితేనే క్లిక్ పనిచేస్తుంది. చెయ్యి వణికేవారికి, వయసు పైబడినవారికి ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బంది.

లక్ష్యం ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే దాన్ని అందుకోవడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించాడు. మౌస్‌కూ ఇది వర్తిస్తుందని 1978లో జిరాక్స్ పరిశోధకులు చూపారు. బటన్లన్నిటినీ పెద్దవి చేద్దామంటే తెరమీద చోటు చాలదు. కాబట్టి మార్చాల్సింది కర్సర్‌నే.

1995లో పరిశోధకులు కబ్బాష్, బక్స్‌టన్ చుక్కకు బదులు వైశాల్యమున్న కర్సర్‌ను పరీక్షించారు. లక్ష్యం చిన్నదైనా కర్సర్ వెడల్పు ఆ లోటు పూడుస్తుందని తేలింది. కానీ రెండు బటన్లు ఒకేసారి దాని కిందికి వస్తే ఏది ఎంచుకున్నట్టు?

దీనికి జవాబు 2005లో టొరంటో విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. టోవి గ్రాస్‌మన్, రవిన్ బాలకృష్ణన్ రూపొందించిన బబుల్ కర్సర్ ఒక వలయం. అన్నిటికంటే దగ్గరున్న ఒక్క బటన్‌నే అందుకునేలా అది కదిలినకొద్దీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాంతో తెర మొత్తం బటన్ల మధ్య వాటాలుగా పంచినట్టవుతుంది. ఏ బటన్ చుట్టూ ఉన్న ఖాళీ ఆ బటన్‌దే. గణితంలో ఈ పంపకాన్ని వొరొనొయ్ విభజన అంటారు. కంటికి బటన్ అంతే ఉంటుంది, చేతికి మాత్రం పెద్దదవుతుంది. ఈ రంగంలో ఇంత పొందికైన ఆలోచన అరుదు.

లోపాలు లేకపోలేదు. బటన్లు ఒత్తుగా ఉన్నచోట పంచడానికి ఖాళీయే ఉండదు. పైగా ఎప్పుడూ ఏదో ఒకటి ఎంపికై ఉండటం వల్ల ఖాళీ చోట క్లిక్ చేయడం కుదరదు. 2009 నాటి డైనాస్పాట్ అనే కర్సర్ ఈ రెండో లోపాన్ని సవరించింది: చెయ్యి వేగంగా కదిలితే దాని వలయం విస్తరిస్తుంది, ఆగిన కాసేపటికి మళ్లీ చుక్కవుతుంది. అంతకుముందే, 2004లో, ఫ్రెంచ్ పరిశోధకులు మరో దారి పట్టారు. కర్సర్ రూపాన్ని ముట్టుకోకుండా, బటన్ దగ్గరకు రాగానే కర్సర్ వేగం తగ్గించారు.

2020లో ఐప్యాడ్‌కు వచ్చిన గుండ్రటి కర్సర్ బటన్‌ను చేరగానే ఆ బటన్ ఆకారంలోకి మారుతుంది. ఇలాంటి కర్సర్లకు బటన్లు ఎక్కడున్నాయో ముందే తెలియాలి. ప్రోగ్రామ్‌లు ఆ సమాచారం ఇవ్వకపోతే ఈ కర్సర్లు పనిచేయవు. సాఫ్ట్‌వేర్ రాసేవారు ఆ వివరాన్ని తప్పక అందించాలి.