గుహ వాళ్లది, టికెట్టు ఎవరిది?

2025 జనవరి చివర విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. ఏజెన్సీలో పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్న ధోరణిలో శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు మాట్లాడారు. ఫిబ్రవరిలో ఆదివాసీలు మన్యం బంద్ చేశారు. చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పాల్సొచ్చింది. మాట వెనక్కి పోయింది సరే, ఆలోచన పోయిందా? 'పాపం, వాళ్లకు ఉపాధి కావాలి గదా' అంటే చదువుకున్న మనవాళ్లు గూడా తలూపుతున్నారు.

1/70 అంటే ఏంది? 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో బిగించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసీకి తప్ప ఎవరికీ చేతులు మారగూడదు. ఆదివాసేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది ఆదివాసీ నుంచి వచ్చినట్టే లెక్క. రుజువు భారం ఉన్నోడి మీద! పేదోడి పక్క ఇట్లా నిలబడిన చట్టాలు ఈ దేశంలో ఎన్ని? పెట్టుబడికి అడ్డమంటున్నది దీన్నే.

నేను తుమ్మలపల్లెవాణ్ణి. 2007లో మా కాడ యురేనియం గనికి శంకుస్థాపన జరిగింది. కడప జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, 1/70 వర్తించదు. 'ప్రజా ప్రయోజనం' అన్న ఒక్క మాటకు భూమి వదలాల్సిందే. ఆ చట్టం విలువ అది లేనోళ్లకు బాగా తెలుస్తుంది.

అనంతగిరి మండలం బొర్రా సంగతి చూడండి. అక్కడి గనుల లీజుల మీద 'సమత' వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రభుత్వం గూడా ఒక 'వ్యక్తే', ఆదివాసేతరులకు లీజివ్వడం చెల్లదంది. గనులు నడిపేవాళ్లు నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు శాశ్వత నిధిగా పెట్టాలని గూడా అంది. తీర్పు గనుల గురించే, నిజమే. అదే బొర్రాలో గుహల టికెట్ల సొమ్ము పర్యాటక అభివృద్ధి సంస్థకు పోతాంది. రాయి తవ్వితే వాటా ఉన్నప్పుడు, రాయి చూపిస్తే ఎందుకుండదు?

ఇంక థింసా. పండగల్లో, పెళ్లిళ్లలో ఆడే ఆట ఇప్పుడు అరకు హోటళ్ల ముందర అతిథుల కోసం. ఆడి కూలి తీసుకోవడం తప్పంటే నేనొప్పుకోను. అయితే మాతో డప్పు కొట్టించుకున్న ఊరే మమ్మల్ని వెలివాడలో ఉంచింది. కళను మెచ్చుకునేవాడు భూమిలో, లెక్కలో వాటా ఇస్తాడని మేమెట్లా నమ్మేది?

పర్యాటకం వద్దనడం లేదు. బస గదులు ఆదివాసీల పేర రావాలి, అప్పు ఐ.టి.డి.ఏ. ఇప్పించాలి. 1996 పెసా చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చింది గదా, బొర్రా గుహల జమాఖర్చు ఏటా ఆ గ్రామసభ ముందర చదవాలి.