సుశ్రుతుని నాసాసంధానము – ముఖపూరణము: ఒక విమర్శ

ప్లాస్టిక్ సర్జరీ ప్రసంగము వచ్చినప్పుడెల్ల ‘ఇదంతయు సుశ్రుతుడు చెప్పినదే’ యనుట మనవారికి పరిపాటి. ఈ ప్రశంసలో సత్యము కలదు. కాని అది సంపూర్ణ సత్యము కాదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున 16వ అధ్యాయము తెగిన ముక్కును సంధించు విధిని చెప్పుచున్నది. ముక్కు కొలతకు ఆకును తీసికొని, ఆ పరిమాణమున చెక్కిలి చర్మమును కోసి, ఒకవైపు అంటియుండగనే ముక్కుపై అమర్చవలెను. 1794 అక్టోబరున లండన్ పత్రిక ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’, టిప్పు సుల్తాను సైనికులు ముక్కు కోసిన కావస్‌జీ యను బండివానికి నుదుటి చర్మముతో జరిగిన చికిత్సను వర్ణించెను. రెంటను మూలసూత్రమొక్కటే: కాడ తెగరాదు, దాని ద్వారా రక్తము ప్రవహించుచుండవలెను.

అయితే ఈ చికిత్స ప్రధానముగ కప్పును కల్పించునది. చర్మము నిలిచియుండి, దాని క్రింది కొవ్వు క్షీణించి చెక్కిలి గుంటపడినచో నేమి చేయవలెను? ప్యారీ, రోంబర్గ్ అనువారి పేర వ్యవహరింపబడు అర్ధముఖ క్షీణతయందు సమస్య యిదియే.

దీనికి నేడు ముఖ్యమైన శస్త్రమార్గములు మూడు. పొట్టనుండియో తొడనుండియో పీల్చి తీసిన కొవ్వును సన్నని గొట్టముతో పొరలు పొరలుగ నింపుట మొదటిది. 1893లో జర్మన్ వైద్యుడు న్యూబర్ చేతి కొవ్వు తునకలతో ముఖపు గుంటను పూరించుట దీనికి నాంది. కోత చిన్నదే, కాని కాడలేని కొవ్వులో కొంత కరగిపోవును, మరల మరల చేయవలసి రావచ్చును. అరుదుగ కొవ్వు రక్తనాళమున దూరి చూపు పోయిన సందర్భములును కలవు. చర్మపు అడుగుపొరను కొవ్వుతో గూడ తీసి అమర్చుట రెండవది. ఇది చిన్న గుంటలకు తగును. వీపునుండియో తొడనుండియో కణజాలమును రక్తనాళములతో సహా తీసి, సూక్ష్మదర్శిని క్రింద ముఖమునందలి లేక మెడయందలి నాళములకు కుట్టుట మూడవది. లోతైన లోపమునకు ఇది తగినది. కాని శస్త్రము దీర్ఘము. కుట్టిన నాళము మూసికొనినచో అమర్చిన భాగమంతయు నశింపవచ్చును. రక్తప్రవాహమే ప్రాణమను పాతసూత్రము ఈ మూడవ మార్గముననే స్పష్టముగ నిలిచియున్నది. సుశ్రుతుని వారసత్వమును ఇచ్చట వెదకుట న్యాయము.

వాషర్‌మెన్‌పేట నానుకొనియున్న ప్రభుత్వ స్టాన్లీ ఆసుపత్రి చేతి శస్త్రచికిత్సకును ప్లాస్టిక్ సర్జరీకిని పేరెన్నిక గన్నది. అట్టి చోటికి పోవు తెలుగు కుటుంబమునకు పూర్వవైభవ కీర్తనము ఉపకరింపదు. ఎన్నిమారులు చేయవలెను, ఎంత నిలుచును, మచ్చ ఎచ్చట పడును అను ప్రశ్నలకు తెలుగున సమాధానము కావలెను. కప్పుటను పూరించుటను ఒక్కటిగ జెప్పు వ్యాసములు, ఒక్క శస్త్రముతో పూర్వముఖము మరల వచ్చునను భ్రాంతిని కల్పించును. ఆ భ్రాంతి తొలగినప్పటి దుఃఖము రోగిదే. ఆకుతో కొలిచి కోయుమన్న ఆచార్యుని కొలత లేక పొగడుట తగదు.