సగము హితవు

కంప్యూటరు భద్రతను గూర్చి విద్యార్థులకు సాధారణముగా చెప్పు హితవు రెండు మాటలలో ముగియును: వైరసు నిరోధక సాఫ్టువేరును పెట్టుకొనుడు, విండోసును తాజాగా ఉంచుకొనుడు. ఈ హితవు తప్పు కాదు, సగము మాత్రమే.

ఆ సగమునకు గల విలువను మొదట చూతము. 2017 మార్చి 14న మైక్రోసాఫ్టు సంస్థ విండోసులోని ఒక లోపమునకు సవరణను విడుదల చేసెను. 59 దినముల పిమ్మట, మే 12న, ఫైళ్లకు తాళమువేసి సొమ్మడుగు ‘వన్నాక్రై’ ఆ లోపము గుండానే ప్రపంచమంతట చొరబడెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాతబడెను. సవరణ చేరని యంత్రములే దానికి చిక్కినవి.

ఇక విడిచిన సగము. విండోసు ఇంటిగోడ యైనచో, ఇతరులు తయారుచేసిన ప్రోగ్రాములు దాని కిటికీలు. ఫైళ్లను కుదించు విన్‌రార్‌లో, వేరొక సంస్థ వ్రాసిన చిన్న భాగమునందు సుమారు 19 ఏండ్లుగా దాగియున్న కన్నము 2019లో బయటపడెను. 5.70 వెర్షనులో ఆ భాగమునే తొలగించిరి. కాని విండోసువలె విన్‌రార్ తనంత తాను సవరించుకొనదు. క్రొత్తదానిని మనమే తెచ్చుకొనవలెను.

అంతకంటె చిక్కైనది మన తెలుగు అచ్చుపని. సిద్దిపేట వంటి పట్టణములలో ప్రశ్నపత్రములు, కరపత్రములు కూర్చు డి.టి.పి. పనివారికి పేజ్‌మేకర్, అను ఖతులు చిరపరిచితములు. పేజ్‌మేకర్ కడపటి ప్రధాన వెర్షను 7.0, 2001 నాటిది. దానికొరకు పాత విండోసును అట్టిపెట్టుకొనువారును కలరు. ఎక్స్‌పీకి 2014లో, విండోసు 7కు 2020లో సాధారణ మద్దతు ముగిసినది. ఇది సోమరితనము కాదు. ఏండ్ల తరబడి కూర్చిన ఫైళ్లన్నియు అందే యున్నవి. అయినను అట్టి యంత్రమునకు పెట్టిన పెన్‌డ్రైవునే ఉపాధ్యాయుడు తెచ్చి, విద్యార్థుల మార్కులున్న కంప్యూటరుకు తగిలించును. ‘అప్‌డేటు చేయుడు’ అను హితవు ఇచట వ్యర్థము. చేయువాడు మానిన వస్తువునకు సవరణ ఎక్కడిది?

కావున హితవును పూర్తిచేయవలెను. సవరణ వచ్చుదానిని సవరింపుడు, రానిదానిని విడువుడు, వెంటనే విడువలేనిచో ఆ యంత్రమును ఇంటర్నెట్టునకు దూరముగా ఉంచుడు. యూనికోడ్‌లో తెలుగునకు 1991 నుండియే స్థానము కలదు. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఖతులు ఉచితముగా లభించును. క్రొత్త ప్రశ్నపత్రములనైన వానితో కూర్చవచ్చును.

ఉపాధ్యాయులు ఒక చిన్న పని చేయింపవచ్చును. పాఠశాల కంప్యూటరులోని ప్రోగ్రాముల పట్టికను విద్యార్థులచే వ్రాయింపుడు: పేరు, తయారీదారు, వెర్షను, కడపటి సవరణ తేదీ. నాలుగవ గడి ఖాళీగా నున్నచోట మొదట జాగ్రత్తపడవలెను.